మేజోళ్లలో అయస్కాంతాలు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న తైక్వాండో పోటీ చూస్తూ, "చెస్ట్ గార్డు దద్దరిల్లేలా తన్నినవాడికి ఏమీ రాలేదు, తోసినట్టుగా పాదం ఆనించినవాడికి రెండు పాయింట్లు వేశారు, ఇదేం లెక్క తాతయ్యా?" అని అడిగారు. ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదని అప్పుడు తప్పించుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఛాతీకి కట్టుకునే చెస్ట్ గార్డుల్లో తాకిడిని పసిగట్టే సెన్సర్లు రాకముందు పెద్ద పోటీల్లో బరి మూలల్లో కూర్చున్న న్యాయనిర్ణేతల చేతుల్లో మీటలుండేవి. వారిలో ఎక్కువమంది ఇంచుమించు ఒకే క్షణాన నొక్కితేనే పాయింటు. నేను కొన్నాళ్లు ఆ కుర్చీలో కూర్చున్న జిల్లా పోటీల్లో మీటలు కూడా లేవు, కాగితం మీద గీతలే. ఆటగాడి వీపు నా వైపు తిరిగి ఉన్నప్పుడు కాలు ఎక్కడ తగిలిందో కనిపించేది కాదు, 'ఠప్'మన్న చప్పుడు మాత్రం వినిపించేది. ఆ చప్పుడును నమ్మి గీత గీసిన సందర్భాలు నాకున్నాయి. ఈ గుట్టు తెలిసిన ఆటగాళ్లు తన్నగానే కేకవేసి చేతులెత్తేవారు.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈ లోపం లోకమంతటి కంటా పడింది. అప్పటికే రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన చైనా క్రీడాకారిణి చెన్ జోంగ్ తలకు, క్వార్టర్ ఫైనల్ ఆఖరి క్షణాల్లో బ్రిటన్‌కు చెందిన సారా స్టీవెన్సన్ కాలు తగిలినా పాయింటు పడలేదు. చెన్ గెలిచిందని ప్రకటించి, ఫిర్యాదు వచ్చాక వీడియో చూసి, స్టీవెన్సన్‌ను విజేతగా మార్చారు.

నాలుగేళ్ల తర్వాత లండన్ ఒలింపిక్స్‌లో సెన్సర్లున్న చెస్ట్ గార్డులు వచ్చాయి. తలకు కట్టుకునే హెడ్ గార్డుకు ఆ సదుపాయం 2016 రియోలో వచ్చింది. లండన్‌లో వాడిన పద్ధతిలో ఆటగాడి మేజోళ్లలో, పాదం పైభాగాన, మడమ దగ్గర, ఇలా కొన్నిచోట్ల చిన్న అయస్కాంతాలు కుట్టి ఉంటాయి. చెస్ట్ గార్డు లోపలి సెన్సర్లు రెండు సంగతులు చూస్తాయి: అయస్కాంతం దగ్గరికి వచ్చిందా, దెబ్బ తగినంత బలంగా పడిందా. రెండూ ఒకేసారి కుదిరితేనే తీగ లేకుండా సంకేతం వెళ్లి బోర్డు మీద అంకె మారుతుంది. ఎంత బలం కావాలన్నది బరువు విభాగాన్ని బట్టి ముందే నిర్ణయిస్తారు. అయస్కాంతం ఎందుకంటే, చీలమండ ఎముకకు కింది భాగంతో తన్నితేనే నిబంధన ప్రకారం కిక్కు. మోకాలు తగిలినా, తన మోచేయే తన గార్డుకు తగిలినా లెక్కలోకి రాకూడదు కదా!

అయితే ఈ సెన్సరుకు తెలిసేది తాకిడి ఒక్కటే. ఆటగాడు గిర్రున తిరిగి తన్నాడో నిలబడి తన్నాడో దానికి తెలియదు. అందుకే మొండేనికి తగిలిన మామూలు కిక్కుకు రెండు పాయింట్లు బోర్డు మీద వాటంతటవే పడితే, తిరిగి తన్నినందుకు అదనంగా ఇచ్చే రెండు పాయింట్లను ఇప్పటికీ న్యాయనిర్ణేతలే మీట నొక్కి కలుపుతారు. పిడిగుద్దుకు వచ్చే ఒక్క పాయింటూ వారి చేతిలోదే.

యంత్రం దేనిని పట్టుకుంటుందో ఆటగాళ్లు చాలా త్వరగా కనిపెట్టారు. ముందుకాలును గాలిలోనే నిలిపి, కత్తిసాములో మొనతో పొడిచినట్టు పాదంతో పొడిచే ఆట పెరిగింది. ఒకరినొకరు ఆనుకొని ఉన్నప్పుడు కాలు వంకరగా తిప్పి పక్క నుంచి పాదం తగిలించే విద్య కూడా పుట్టింది. పాతకాలపు అభిమానులు పెదవి విరిచారు, నాకూ అది చూడముచ్చటగా అనిపించదు. కానీ యంత్రం తనకు చెప్పిన పనే చేసింది. ఏ తన్నుకు ఎంత విలువ కట్టాలో చెప్పవలసిన పెద్దలే ఆ తర్వాత పాయింట్లను మార్చారు. తిరిగి తన్నే కిక్కుకు ఇప్పుడు నాలుగు రావడం ఆ మార్పుల ఫలితమే.

ఇక మీరు చూసిన ఆ గట్టి తన్ను సంగతి. అది చీలమండకు పైన, కాలి ఎముకతో తగిలి ఉంటుందని నా అనుమానం; అక్కడ అయస్కాంతం ఉండదు కనుక చప్పుడు ఎంత వచ్చినా అంకె మారదు. ఆ పోటీ మీ దగ్గర రికార్డయి ఉంటే నెమ్మదిగా నడిపి, ముఖాలు చూడకుండా పాదాన్నే చూసి, నా అనుమానం నిజమో కాదో తిరుగు ఉత్తరంలో రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య