సముద్రంలో దిగే హిమానీనదం: అపోహలు - వాస్తవాలు

అలాస్కాలో చుగాచ్ కొండల మీద పుట్టి, లోయ వెంట దిగి, ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపాయ నీళ్ళలో ఆగే హిమానీనదం (మెల్లగా జారే మంచు నది) కొలంబియా. 1980 తర్వాత దాని మూతి, అంటే మంచు ముగిసే అంచు, 20 కిలోమీటర్లకు పైగా వెనక్కి జరిగింది. దీని గురించి తరచూ వినిపించే తప్పు మాటలు ఇవి.

అపోహ: వెనక్కి తగ్గడమంటే మంచు మళ్ళీ కొండెక్కడం.

వాస్తవం: మంచు ఎప్పుడూ పల్లానికే జారుతుంది. 2001 ప్రాంతంలో కొలంబియా మంచు రోజుకు పాతిక మీటర్లకు పైగా సముద్రం వైపే కదిలింది. వచ్చినదానికంటే మూతి దగ్గర విరిగిపడేది ఎక్కువైంది, అంతే.

అపోహ: ఎండ ఎంత పెరిగితే అంత లెక్కన కరుగుతుంది.

వాస్తవం: సముద్రాన్ని తాకే హిమానీనదానికి ఈ లెక్క సరిపోదు. 1794లో బ్రిటిష్ నావికుడు వాంకూవర్ బృందం సర్వే చేసినప్పుడు మూతి హెదర్ దీవి దగ్గరుంది. సుమారు 1980 దాకా దాదాపు అక్కడే నిలిచింది. తాను తోసుకొచ్చిన రాళ్ళూ మట్టీ నీటి అడుగున గట్టు కట్టాయి, మూతి దాని మీద ఆనుకుంది. గట్టు మీద నీళ్ళ లోతు తక్కువ. వెనక మాత్రం లోయ వందల మీటర్ల లోతు. వాతావరణం వేడెక్కి మంచు పలచబడింది, గట్టు మీద పట్టు వదిలింది. లోతు నీళ్ళలో పడ్డాక నీరు మంచును పైకి లేపుతుంది, అడుగున రాపిడి తగ్గుతుంది, మంచు వేగంగా జారుతూ సాగుతుంది, ఇంకా పలచనై పగుళ్ళిచ్చి విరుగుతుంది. మొదటి తోపు వేడిది, ఆ తర్వాతి పరుగు లోయ అడుగుది. అమెరికా భూగర్భ సర్వేకు చెందిన మార్క్ మైయర్, ఆస్టిన్ పోస్ట్ దీన్ని ముందే పసిగట్టారు. వాల్డీజ్ రేవు నుంచి చమురు నౌకలు తిరిగే దారి పక్కనే కొలంబియా ఉండటంతో అది చాలా అవసరమైన హెచ్చరిక. 1989లో బండకు గుద్దుకుని చమురు ఒలకబోసిన ఎక్సాన్ వాల్డీజ్ నౌక తన దారి వదిలింది కూడా ఈ మంచుముక్కలను తప్పించుకోవడానికే.

అపోహ: హబ్బర్డ్ హిమానీనదం ముందుకొస్తోంది కాబట్టి తగ్గుదల వట్టి మాట.

వాస్తవం: అదే అలాస్కాలోని హబ్బర్డ్ విస్తీర్ణంలో దాదాపు 95 శాతం, ఏటా మంచు మిగిలే ఎత్తులోనే ఉంది. మూతి ముందు గట్టు కూడా ఉంది. అందుకే అది ముందుకొస్తోంది. ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకూడదు.

అపోహ: విరిగిపడ్డ మంచుగడ్డ కరిగినప్పుడు సముద్రమట్టం పెరుగుతుంది.

వాస్తవం: నేల మీద ఆనిన మంచు నీళ్ళలో పడిన క్షణానే మట్టం పెరిగిపోతుంది. తేలుతూ కరిగితే మార్పు దాదాపు ఉండదు.

అపోహ: హిమానీనదం మీది నల్లచారలు కాలుష్యం.

వాస్తవం: రెండు మంచు పాయలు కలిసినచోట వాటి అంచుల రాళ్ళు ఒక వరుసగా మారతాయి, అవే ఆ చారలు. మంచు నీలం రంగుకూ ఏ మందూ కలపలేదు: గాలి బుడగలు నలిగిపోయిన దట్టమైన మంచు ఎరుపును పీల్చుకుంటుంది.

తగ్గుదలను మీరే కొలవాలంటే ఉచితంగా దొరికే ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు, పాతదొకటి, కొత్తదొకటి చాలు. రెండూ వేసవి చివరివే తీసుకోండి, చలికాలంలో మూతి కాస్త ముందుకొస్తుంది. ఒక్క గీత మీద కొలవకండి, మూతి వంకరగా ఉంటుంది. పోయిన విస్తీర్ణాన్ని లోయ వెడల్పుతో భాగించండి, అదే సగటు తగ్గుదల. పడవలో వెళ్తే మూతికి 800 మీటర్ల లోపలికి వెళ్ళొద్దు: నీటి అడుగున విరిగిన మంచు, మూతికి దూరంగా, ఏ హెచ్చరికా లేకుండా పైకి తన్నుకొస్తుంది.