చెవిని నమ్మితే మార్కు పోతుంది: ఇంగ్లిష్ వాక్యాల్లో తప్పులు – అపోహలు, వాస్తవాలు

పోటీ పరీక్షలకు ఇంగ్లిష్ చెప్పడం నా పని. వాక్యాన్ని ముక్కలు చేసి, తప్పు ఏ ముక్కలో ఉందో పట్టుకోమనే ప్రశ్న దగ్గర మా పిల్లలు తడబడుతుంటారు. అందుకు సగం కారణం ఈ నమ్మకాలే.

అపోహ: పైకి చదివితే తప్పు చెవికే తెలిసిపోతుంది.

వాస్తవం: ఇంట్లో ఇంగ్లిష్ వింటూ పెరిగినవాళ్లకు తెలుస్తుందేమో. మనది తెలుగు చెవి. ‘వి డిస్కస్డ్ అబౌట్ ద ప్రాబ్లమ్’ అన్నా దానికి ఏ లోటూ వినిపించదు. ‘సమస్య గురించి చర్చించాం’ అనే కదా మనం అంటాం! ఆ ‘గురించి’ డిస్కస్ అన్న మాటలోనే ఉంది, అబౌట్ అక్కర్లేదు. ‘2015 నుంచి ఇక్కడే ఉంటున్నాను’ అనే అలవాటుతో ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ 2015’ అని రాసినా అంతే. అక్కడ ‘హ్యావ్ బీన్ లివింగ్’ ఉండాలి.

అపోహ: క్రియకు ముందున్న నామవాచకమే కర్త.

వాస్తవం: ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. ‘ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ ఆర్ గుడ్’ అని బోర్డు మీద రాస్తే తరగతిలో చాలామంది తప్పేమీ లేదంటారు. తెలుగులో ‘మామిడిపళ్ల నాణ్యత బాగుంది’ అంటాం. వివరమంతా ముందే వచ్చేసి, కర్త క్రియను ఆనుకుని నిలబడుతుంది. ఇంగ్లిష్‌లో కర్త ముందే వచ్చి కూర్చుంటుంది, వివరం దాని వెనక తోకలా పెరుగుతుంది. ఆ తోక చివరి మ్యాంగోస్‌ను చూసి ఆర్ వేసేస్తాం. ఆఫ్ నుంచి క్రియ దాకా పెన్సిల్‌తో కొట్టేయండి. మిగిలేది ‘ద క్వాలిటీ ఆర్ గుడ్’. ఇప్పుడు తెలుగు చెవి కూడా ఒప్పుకోదు. ‘ఎ లాట్ ఆఫ్’, ‘ఎ నంబర్ ఆఫ్’ లాంటివాటి దగ్గర మాత్రం ఈ కొట్టివేత పనికిరాదు. అక్కడ వెనకున్న నామవాచకాన్నే చూడాలి.

అపోహ: మాట ఇంగ్లిష్ అచ్చు అక్షరంతో మొదలైతే దాని ముందు ‘యాన్’, లేకపోతే ‘ఎ’.

వాస్తవం: చూడాల్సింది అక్షరాన్ని కాదు, ధ్వనిని. ఇందులో మన లిపి అక్కరకొస్తుంది. మాటను తెలుగులో రాయండి. అవర్ (గంట), ఎమ్మెల్యే అచ్చుతో మొదలయ్యాయి, యాన్ పెట్టండి. యూనివర్సిటీ, యూరోపియన్, వన్ హల్లుతో మొదలయ్యాయి, ఎ చాలు. పాత పద్ధతిలో ‘యం.ఎల్.ఎ.’ అని రాసేవారికి మాత్రం ఈ చిట్కా ఎదురు తిరుగుతుంది!

అపోహ: వాక్యం చివర ప్రిపోజిషన్ (టు, ఆఫ్, అబౌట్ లాంటి మాట) వస్తే తప్పు.

వాస్తవం: 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి, నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాల్లో దీన్ని దోషంగా ఎత్తిచూపాడు. తర్వాత అది బడిపుస్తకాల్లో పాతుకుపోయింది. ‘హూ ఆర్ యూ టాకింగ్ టు’ నిక్షేపమైన ఇంగ్లిష్.

అపోహ: ‘తప్పు లేదు’ అన్న జవాబు ఎర మాత్రమే.

వాస్తవం: చాలాసార్లు అదే సరైన జవాబు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశలో తప్పు జవాబుకు అర మార్కు కోత ఉన్నా, లేని తప్పును పుట్టించేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ‘నైదర్ ఆఫ్ ద టూ బ్రదర్స్ ఈజ్ మ్యారీడ్’ అని ఇస్తే ఈజ్‌ను ఆర్ చేయడానికి చెయ్యి దురద పెడుతుంది. ఆ ఈజ్ సరైనదే, వదిలేయండి.