ఉండ కట్టిన ప్రోటీన్, అమ్మ కాచిన జావ

పోయిన ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. స్టీలు గ్లాసు నిండా ప్రోటీన్ పొడి వేసిన పాలు, పైన గోళీకాయంత ఉండలు ఐదారు తేలుతున్నాయి. కింద ఒక వాక్యం: "మామయ్యా, డబ్బా మీదేమో ఇట్టే కలిసిపోతుందని ఉంది, నేను పావుగంట నుంచి తిప్పుతూనే ఉన్నా." వాడు జిమ్‌లో చేరి నెలయింది.

"ఒక ఉండని గోటితో చిదిమి చూడు" అన్నాను. చిదిమాడు. లోపల పొడి డబ్బాలో ఎలా ఉందో అలాగే ఉందట. ఊదితే ఎగిరిపోయేంత పొడిగా. పావుగంట పాలలో నానిన ఉండలోకి ఒక్క చుక్క కూడా వెళ్లలేదన్నమాట!

ప్రోటీన్ ఎందుకు తినాలి, రోజుకి ఎంత తినాలి అనేవి ఇక్కడ రాయను. అవి చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. నన్ను పట్టుకున్నది ఆ ఉండ.

పొడిని పాలమీద గుమ్మరించగానే ఏం జరుగుతుందో చూడండి. పొడి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. దీపంలో వత్తి నూనెని పీల్చుకున్నట్టు ఆ సందులు పాలని లోపలికి లాగుతాయి. అయితే ముందు తడిసిన పై రేణువులు ఊరుకోవు. నీళ్లు తాగి ఉబ్బుతాయి, జిగురెక్కుతాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. సందులు మూసుకుపోతాయి. లోపలి పొడి చుట్టూ గోడ కట్టేసింది ఎవరో కాదు, ఆ పొడే.

ఇక నీరు లోపలికి పోవాలంటే ఆ జిగురుగోడలోంచి అణువు అణువుగా పాకాలి. ఈ పాకుడుకి ఒక కఠినమైన లెక్క ఉంది: దూరం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లవుతుంది. కదలకుండా ఉన్న మామూలు నీళ్లలో ఒక నీటి అణువు 1 మిల్లీమీటరు దూరం జరగడానికి సుమారు 4 నిమిషాలు పడుతుంది. 5 మిల్లీమీటర్లయితే 25 రెట్లు, అంటే గంటన్నరకి పైనే. జిగురులో ఇంకా నెమ్మది. మావాడి పావుగంట ఏ మూలకి?

ఇదంతా మన వంటింటికి కొత్తేమీ కాదు. మా అమ్మ రాగిజావ కాచేటప్పుడు పిండిని మరుగుతున్న ఎసట్లో ఎప్పుడూ నేరుగా పోసేది కాదు. ముందు గిన్నెలో చల్లటి నీళ్లతో జారుగా కలిపి, అప్పుడు ఎసట్లో పోసి తిప్పేది. అడిగితే "ఉండ కడుతుందిరా" అనేది, అంతే. పిండిపదార్థం దాదాపు 60 డిగ్రీలు దాటితే గానీ ఉబ్బి జిగురవదు. చల్లనీళ్లలో రేణువు తడుస్తుంది గానీ అతుక్కోదు. అలా ప్రతి రేణువూ విడివిడిగా తడిశాక వేడి తగిలితే, దేనికది ఉబ్బుతుంది. ఉప్మా సంగతి కాస్త వేరు. రవ్వని మరిగే నీళ్లలోనే పోస్తాం, కానీ ముందు నేతిలో వేయిస్తాం. నెయ్యి పూత వల్ల రవ్వ నీళ్లని ఆలస్యంగా పీలుస్తుంది. ఆ కాస్త వ్యవధిలో గరిటె తన పని తాను చేసుకుపోతుంది. పైగా రవ్వ మధ్య సందులు పెద్దవి, మెత్తటి పిండి మధ్య సందులు మరీ సన్నవి. మెత్తటి పొడి తేలిగ్గా కలుస్తుందనుకుంటాం గానీ అదే ఎక్కువ మొండికేస్తుంది. 'ఇన్‌స్టంట్' అని అమ్మే పొడుల్లో కంపెనీలు చేసేది సరిగ్గా ఇదే. సన్నటి రేణువుల్ని కావాలనే గుత్తులుగా అతికించి సందులు పెద్దవి చేస్తారు, పైన లెసిథిన్ అనే కొవ్వులాంటి పదార్థం పూస్తారు. ఆ పూత ఒకపక్క కొవ్వుని, మరోపక్క నీటిని పట్టుకుంటుంది.

ప్రోటీన్ పొడికి చల్లనీళ్ల చిట్కా పూర్తిగా పనిచేయదు, చల్లటి పాలలోనూ అది జిగురెక్కుతుంది కాబట్టి. దానికి బజ్జీల పిండి పద్ధతి కావాలి. శనగపిండిలో ఒకేసారి చెంబుడు నీళ్లు పోస్తే ఉండలు జన్మలో విడవవు. కొంచెం కొంచెంగా పోసి ముద్దగా చేసి, ఆ ముద్దని వేళ్లతో బాగా నలిపి, తర్వాత పలచన చేస్తాం. ఎందుకు? పలచటి ద్రవంలో గరిటె తిప్పితే ఉండ కూడా ద్రవంతోపాటు చక్కర్లు కొడుతుంది, దానికి ఏ బాధా లేదు. ఉండని చీల్చే బలం ద్రవం ఎంత చిక్కగా ఉంటే అంత ఎక్కువ. చిక్కదనం వంద రెట్లయితే, అదే వేగంతో తిప్పినా చీల్చే బలం వంద రెట్లు. చిక్కటి ముద్ద అయితే ఉండని ఒక పక్క ముందుకీ, రెండో పక్క వెనక్కీ లాగి చింపేస్తుంది.

ద్రవాల చిక్కదనం గురించిన ఈ పాఠం, పుస్తకం భాషలో స్నిగ్ధత, మేమూ బడిలో చదువుకున్నాం. నిర్వచనం, ప్రమాణం, తేనెకి ఎక్కువ, నీటికి తక్కువ, రెండు మార్కులు. బజ్జీల పిండి గురించి ఒక్కమాట చెప్పి ఉంటే క్లాసు మొత్తానికి జన్మంతా గుర్తుండేది.

కాబట్టి మావాడికి చెప్పింది ఇదీ: చెంచాడు పొడికి చెంచాడు పాలు, అంతే. గ్లాసు గోడకేసి రుద్ది పేస్టు చెయ్. ఒక్క ఉండా లేదని తేలాక మిగతా పాలు పొయ్యి. పాలు చల్లగానో గోరువెచ్చగానో ఉండాలి. సుమారు 70 డిగ్రీలు దాటితే వే ప్రోటీన్, అంటే మావాడి డబ్బాలో ఉన్న పాల ప్రోటీన్, మడతలు విప్పుకుని, ఒకదానికొకటి తగులుకుని పలుకులు కడుతుంది.

మర్నాడు రెండో ప్రశ్న. "ఉండలు పోయాయి మామయ్యా, కానీ నీళ్లలా ఉంది. షాపులో స్మూతీ అంత చిక్కగా ఎలా వస్తుంది?"

దీనికి జవాబు ఐన్‌స్టైన్ దగ్గరుంది. పంచదార నీళ్ల చిక్కదనాన్ని బట్టి అణువుల సైజు లెక్కగట్టడం ఆయన డాక్టరేట్ పని. 1906లో అచ్చయింది. అందులో ఒక పొరపాటు దొర్లితే 1911లో దిద్దాడు. తేలిన సూత్రం: ద్రవంలో తేలే రేణువులు ఎంత చోటు ఆక్రమిస్తే, దానికి 2.5 రెట్ల చొప్పున చిక్కదనం పెరుగుతుంది. చోటు 2 శాతమైతే చిక్కదనం 5 శాతం పెరిగినట్టు. ఇది పలచటి ద్రవాల మాట. చోటు సగానికి చేరితే చిక్కదనం కొండెక్కుతుంది, 64 శాతం దగ్గర గుండ్రటి రేణువులు ఒకదానికొకటి అడ్డుపడి కదలడమే మానేస్తాయి.

ఇక్కడ బరువు కాదు, చోటు ముఖ్యం. పాలు విరగ్గొడితే మిగిలే నీళ్లలోది వే ప్రోటీన్. బిగుతుగా చుట్టుకున్న చిన్న బంతి, చోటు తక్కువ. విరిగిన ముద్దలో ఉండే ప్రోటీన్ కేసీన్. దాని గుళికలు గ్రాముకి 3 గ్రాములకు పైగా నీళ్లని ఒడిలో పెట్టుకుని కూర్చుంటాయి. అందుకే అదే 30 గ్రాముల కేసీన్ పొడి వేస్తే గ్లాసు చిక్కగా ఉంటుంది. సబ్జా గింజలు చేసేదీ అదే, చెంచాడు గింజలు నానితే గ్లాసు నిండుతుంది. ఓట్స్ వేసిన స్మూతీ పది నిమిషాల తర్వాత బిగుసుకోవడమూ అందుకే.

అరటిపండు ముక్కల్ని ఫ్రీజర్‌లో గడ్డకట్టించి వేస్తే ఇంకా మంచిది. పండులోని చక్కెర వల్ల నీరంతా గడ్డకట్టదు. మిక్సీలో అది సన్నటి మంచు పలుకులుగా, మెత్తటి గుజ్జుగా విడిపోతుంది. విడిగా ఐసు వేస్తే కరిగి పలచనైపోతుంది. జార్‌లో ముందు పాలు పోయాలి. లేకపోతే బ్లేడు చుట్టూ గాలిగుంట ఏర్పడి, మోటారు ఏడుస్తుంది గానీ పైముక్క కదలదు. పెరుగు వేసేటట్టయితే చివర్లో. దాని చిక్కదనం కేసీన్ అల్లుకున్న వలలో ఉంది, బ్లేడు ఆ వలని తెంపితే మిగిలేది మజ్జిగే. పొడిని కూడా చివర్లో వేసి పది సెకన్లు తిప్పితే చాలు. ఎక్కువ తిప్పితే ప్రోటీన్ గాలిబుడగల చుట్టూ పొరలా పరుచుకుని, సగం గ్లాసు నురగే మిగులుతుంది.

డబ్బా కొనలేనివాళ్లు పుట్నాలు పొడికొట్టి వాడుకోవచ్చు. వందగ్రాములకి సుమారు 20 గ్రాముల ప్రోటీన్. జల్లెడ మాత్రం పట్టాలి, లేకపోతే నాలిక మీద ఇసుకలా తగులుతుంది.

మధ్యలో మా అక్క ఫోన్ లాక్కుంది. "పాలూ పండూ కలిపి తాగకూడదురా, విషం!" సత్యనారాయణస్వామి ప్రసాదంలో అరటిపండూ పాలూ రెండూ ఉంటాయి కదే అన్నాను. మాట్లాడలేదు. అయితే ఆవిడ మాటలో ఒక పండు వరకు నిజం లేకపోలేదు. ఉడికించని అనాస ముక్కలు పాలలో వేసి ఉంచితే, అందులోని బ్రొమెలైన్ అనే ఎంజైము పాల ప్రోటీన్‌ని ముక్కలు చేసి చేదెక్కిస్తుంది. విషం కాదు, కానీ తాగలేం.

నిన్న రాత్రి ఆఖరి ఫొటో వచ్చింది. అడుగున తెల్లటి పెచ్చు కట్టిన గ్లాసు. "వేణ్నీళ్లు పోసి నానబెట్టా, ఇంకా గట్టిపడింది."

కేసీన్‌తో ఒకప్పుడు చెక్క విమానాలే అతికించారు నాయనా. తాగిన వెంటనే చన్నీళ్లతో కడుగు.