ఉత్తరం ఎటుంది సార్? మ్యాపు చదవడంలో అపోహలు - వాస్తవాలు

"ఉత్తరం చూపించండిరా" అంటే ఏడో తరగతిలో సగం మంది వేళ్లు పైకప్పు వైపు లేస్తాయి. మిగతా సగంలో కొందరు పక్కవాడి వేలు చూసి తమదీ లేపుతారు. 18 ఏళ్లుగా నల్లగొండ చుట్టుపక్కల బళ్లలో సోషల్ చెబుతున్నాను, ఈ సీను మాత్రం మారలేదు. పిల్లల్ని అనడానికి లేదు. మ్యాపును గోడకు వేలాడదీసి "పైన ఉత్తరం, కింద దక్షిణం" అని చెప్పింది మనమే. వాళ్లు చెప్పింది చెప్పినట్టే నేర్చుకున్నారు.

మా క్లాసులో ఏటా వినిపించే అపోహలు కొన్ని రాస్తున్నాను. ఇందులో ఒకటి నాది కూడా.

అపోహ: ఉత్తరం పైన ఉంటుంది, దక్షిణం కింద ఉంటుంది

గోడ మీదైతే నిజమే. నేల మీద పైన ఉండేది ఆకాశం. మ్యాపులో ఉత్తరాన్ని పై అంచున పెట్టడం ఒక అలవాటు, అంతే. 1154లో అల్ ఇద్రీసీ అనే భూగోళ పండితుడు గీసిన ప్రపంచ పటంలో దక్షిణమే పైన ఉంటుంది. దాన్ని చూసిన పిల్లలు "సార్, తలకిందులు పట్టుకున్నారు" అంటారు.

ఈ అపోహ వల్ల వచ్చే ప్రశ్నల్లో నాకు బాగా నచ్చేది నైలు నది గురించి: "దక్షిణం నుంచి ఉత్తరానికి అంటే పైకి గద సార్, నీళ్లు పైకెట్ల ఎక్కుతయి?" నైలు దాకా పోనక్కర్లేదు. మన తుంగభద్ర కూడా కర్ణాటక నుంచి మ్యాపులో పైపైకే వచ్చి అలంపురం దగ్గర కృష్ణలో కలుస్తుంది. నీళ్లకు ఉత్తరం, దక్షిణం తెలియదు. ఎత్తు, పల్లం తెలుసు.

మా క్లాసురూములో నల్లబోర్డు దక్షిణం గోడకుంది. మ్యాపూ అక్కడే మేకుకు వేలాడుతుంది. ఒకరోజు ఒక పిలగాణ్ని "సూర్యాపేట ఎటురా?" అని అడిగాను. లేచి, మ్యాపు చూసి, కుడి చెయ్యి చాపాడు. మ్యాపులో కుడి పక్క తూర్పు, సూర్యాపేట మనకు తూర్పున ఉంది, లెక్క కరెక్టే. కానీ దక్షిణానికి తిరిగి నిలబడ్డవాడి కుడి చెయ్యి పడమటికి పోతుంది. వాడు చూపించింది మహబూబ్‌నగర్ వైపు! "మరి సూర్యాపేట బస్సు ఎటు పోతదిరా?" అంటే టక్కున ఎడమ చెయ్యి చూపించాడు. ఆలోచించనే లేదు.

ఆ రోజే మ్యాపును మేకు నుంచి దింపి నేల మీద పరిచాను. అందులో ఉత్తరం బాణం నిజమైన ఉత్తరానికి వచ్చేలా తిప్పాం. చుట్టూ కూర్చున్నవాళ్లలో కొందరికి అక్షరాలు తలకిందులయ్యాయి, పట్టించుకోలేదు. సూర్యాపేట సూర్యాపేట వైపుకే వచ్చింది.

ఇంకో మాట. మన పిల్లలకు దిక్కులు రావనేది కూడా అపోహే. "మీ ఇంట్ల వంటిల్లు ఏ మూలకుంది?" అని అడగండి, "ఆగ్నేయం" అంటారు. బోరు ఈశాన్యంలో వేశారంటారు. వాస్తు మీద మీకు నమ్మకం ఉన్నా లేకున్నా, ఎనిమిది దిక్కులూ వాళ్లింట్లోనే ఉన్నాయి. అందుకే నేను ప్రపంచ పటం కంటే ముందు ఇంటి నక్షా గీయిస్తాను.

అపోహ: పొద్దు పొడిచే వైపే తూర్పు

ఇది నాది. కొత్తలో, ఒక డిసెంబర్ పొద్దున పిల్లల్ని గ్రౌండులో నిలబెట్టి "సూర్యుడికి ఎదురుగా నిలబడితే అదే తూర్పు" అని స్కూలు ప్లాను గీయించాను. తీరా చూస్తే, పక్కనున్న శివాలయం మా ప్లానులో ఈశాన్యం వైపు వాలిపోయింది. తూర్పు ముఖం గుడి అది. అందరం బుర్రలు గోక్కుంటుంటే అటెండరు వచ్చి చూసి, "చలికాలం పొద్దు దక్షిణం దిక్కు జరుగుతది గద సారూ" అన్నాడు. బీఈడీ చేసింది నేను.

సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదిలో రెండుసార్లే, మార్చి 21, సెప్టెంబర్ 23 ప్రాంతాల్లో. మనం ఉన్న 17 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబర్ చివర్లో తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా, జూన్ చివర్లో అంతే ఉత్తరంగా ఉదయిస్తాడు. ఉత్తరాయణం, దక్షిణాయనం అని పండక్కి చెప్పుకునే మాటలే ఇవి.

సరైన తూర్పు కావాలంటే నేలలో నిటారుగా ఒక కర్ర పాతండి. నీడ కొన దగ్గర ఒక రాయి పెట్టండి. ఇరవై నిమిషాల తర్వాత నీడ జరిగిన చోట ఇంకో రాయి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. మధ్యాహ్నానికి అటూ ఇటూగా చేస్తే బాగా వస్తుంది.

"మిట్ట మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది" అనే సూత్రాన్ని మాత్రం మన దగ్గర గుడ్డిగా వాడొద్దు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఆ మిట్ట మధ్యాహ్నమైనా 12 గంటలకు రాదు. దేశమంతటా మన గడియారాలు చూపించేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరి సమయం. నల్లగొండ 79 డిగ్రీలు దాటి కొంచెం తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మనకు సగటున 13 నిమిషాలు ఆలస్యం. 78 డిగ్రీల మీదున్న మహబూబ్‌నగర్‌కు 18.

అపోహ: సాగర్ నిండితే 590 అడుగుల లోతు నీళ్లుంటాయి

వానాకాలం వస్తే మా దగ్గర చదువు రానివాళ్ల నోట కూడా ఈ అంకెలు వినిపిస్తాయి. శ్రీశైలం 885, సాగర్ 590. పేపర్లో రోజూ వస్తాయి. పిల్లలు వాటిని లోతు అనుకుంటారు, చాలామంది పెద్దలూ అంతే. కానీ సాగర్ డ్యామును పునాది నుంచి పై అంచు దాకా కొలిచినా 124 మీటర్లే, అంటే సుమారు 407 అడుగులు. అందులో 590 అడుగుల నీళ్లెలా పడతాయి?

ఆ 590 సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తు. నీటి పైమట్టం సముద్రం కంటే అంత ఎత్తున ఉందన్నమాట.

ఇది అర్థమైతే కాంటూరు రేఖలు సగం వచ్చినట్టే. నిండిన సాగర్ చుట్టూ నీటి అంచు వెంబడి నడిచారనుకోండి, ఎక్కడ నిలబడ్డా మీ ఎత్తు 590 అడుగులే. ఆ అంచును కాగితం మీద గీస్తే అదే కాంటూరు. ఎండాకాలం నీళ్లు తగ్గుతుంటే వెనుక జలాల గుట్టల మీద మెట్లుమెట్లుగా మట్టి చారలు మిగులుతాయి, చూసే ఉంటారు. ఒక్కో చార ఒక్కో కాంటూరు. గుట్ట నిలువుగా ఉన్నచోట పైనుంచి చూస్తే చారలు ఒకదానికొకటి అంటుకున్నట్టు ఉంటాయి, వాలు తక్కువున్నచోట దూరదూరంగా ఉంటాయి. టోపోషీటులో (ఎత్తుపల్లాలు, కుంటలు, దారులు వివరంగా చూపే సర్వే పటంలో) గోధుమరంగు గీతలు చెప్పేది కూడా ఇదే. ఏళ్ల తరబడి బోర్డు మీద గుండ్రాలు గీసి చెప్పినా రానిది, ఒక్క పిక్నిక్‌లో వచ్చింది.

ఒక అమ్మాయి నోట్సులో నిండు మట్టాలు వరుసగా రాసుకొచ్చింది: జూరాల 1045, శ్రీశైలం 885, సాగర్ 590, పులిచింతల 175. "కృష్ణ మెట్లు దిగుతుంది సార్" అంది. నేనైతే అంత బాగా చెప్పలేను.

అపోహ: ఎడమ కాలువ మ్యాపులో ఎడమ పక్కన ఉంటుంది

నది పారే వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపుది ఎడమ గట్టు. సాగర్ దగ్గర కృష్ణ తూర్పు దిక్కుగా పోతుంది కాబట్టి ఎడమ గట్టు మ్యాపులో పై పక్కకు వస్తుంది. ఎడమ కాలువ బయల్దేరేది ఆ గట్టు నుంచే, మనదీ ఆ గట్టే.

అపోహ: మ్యాపులో ఆకుపచ్చ అంటే అడవి

ముందు అది ఏ మ్యాపో చూడాలి. భౌతిక పటంలో ఆకుపచ్చ అంటే పల్లపు నేల, పసుపు నుంచి గోధుమ రంగుకు పోతున్నకొద్దీ ఎత్తు. అందుకే ఈజిప్టు ఉత్తర భాగంలోని ఎడారి కూడా పచ్చగా కనిపిస్తుంది. పులులు తిరిగే మన అమ్రాబాద్ అడవి ఎత్తు మీదుంది కాబట్టి పసుపు, గోధుమ రంగుల్లోకి పోతుంది. రాజకీయ పటంలో రంగులకు ఏ అర్థమూ లేదు, పక్కపక్క రాష్ట్రాలు కలిసిపోకుండా వేస్తారు.

అపోహ: 1:10,00,000 పెద్ద స్కేలు, 1:50,000 చిన్న స్కేలు

అరెకరం పెద్దదా, గుంట పెద్దదా? అరెకరం రెండో వంతు, గుంట నలభయ్యో వంతు. కింద అంకె పెరిగితే ముక్క చిన్నదవుతుంది. స్కేలూ అంతే. 1:50,000 టోపోషీటులో 2 సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు, కుంట, బావి కూడా కనిపిస్తాయి. అదే పెద్ద స్కేలు. 1:10,00,000లో సెంటీమీటరుకు 10 కిలోమీటర్లు, నల్లగొండ నుంచి హైదరాబాద్ 9 సెంటీమీటర్లలో అయిపోతుంది. అదైనా కాకి పోయే దూరం, బస్సు పోయేది కాదు.

అపోహ: గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత ఉంటుంది

పోస్టర్లలో అలాగే కనిపిస్తుంది. ఆఫ్రికా సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు. గ్రీన్‌లాండ్ 22 లక్షల లోపే, 33 లక్షలకు దగ్గరున్న మన దేశం కంటే చిన్నది. ఈ తేడా ఎందుకొస్తుందో చెప్పడానికి నల్లగొండలో వస్తువు వెతుక్కోనక్కర్లేదు. ఒక బత్తాయి తీసుకుని తొక్క చినగకుండా ఒలిచి, బల్ల మీద సమంగా పరవమనండి. చినగకుండా పరవలేరు, పరిస్తే ఎక్కడో సాగదీయాల్సిందే. 1569లో మెర్కేటర్ అనే పటాల నిపుణుడు ఓడ నడిపేవాళ్ల కోసం పటం గీసినప్పుడు దిక్కులు తప్పకుండా చూసుకున్నాడు, సైజులు వదిలేశాడు. భూమధ్యరేఖ నుంచి 60 డిగ్రీల దూరం పోయేసరికి పొడవు, వెడల్పు రెండూ రెట్టింపవుతాయి, అంటే విస్తీర్ణం నాలుగింతలు.

అపోహ: అమెరికా ఒక చివర, రష్యా ఇంకో చివర

కాగితానికి చివరలున్నాయి, భూమికి లేవు. బేరింగ్ జలసంధి మధ్యలో రెండు చిన్న దీవులున్నాయి, ఒకటి రష్యాది, ఒకటి అమెరికాది. మధ్య దూరం సుమారు 4 కిలోమీటర్లు. మన నల్లగొండ గడియారం సెంటర్ నుంచి పానగల్లు పోయినంత. అంతర్జాతీయ దినరేఖ వాటి మధ్య నుంచే పోతుంది కాబట్టి తేదీ మాత్రం మారుతుంది. గ్లోబు మీద ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారం బిగించి పట్టి చూడండి, ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. అన్నో అక్కో అమెరికాలో ఉన్న పిల్లలు ఈ దారం ఆటను వదలరు.

అపోహ: ఫోనుంటే మ్యాపు రాకున్నా పర్వాలేదు

ఫోను "ఎడమకు తిరగండి" అంటుంది, మీరు ఏ దిక్కుకు పోతున్నారో మాత్రం చెప్పదు. దారి చూపేటప్పుడు పైన ఉండేది ఉత్తరం కాదు, మీరు పోయే వైపు. తెర మీదున్న దిక్సూచి గుర్తును ఒకసారి నొక్కితే ఉత్తరం పైకి వస్తుంది. వేళ్లతో పెద్దది చేస్తుంటే మూలన స్కేలు గీత దగ్గర 2 కి.మీ., 500 మీ., 50 మీ. అని మారుతుంది. స్కేలు పాఠాన్ని ఇప్పుడు దాంతోనే మొదలుపెడుతున్నాను.

మొన్న, ఆ రోజు సూర్యాపేట ఎటో చూపించిన పిలగాడి చేతికే నా ఫోనిచ్చి మన బడి వెతకమన్నాను. ఉపగ్రహ చిత్రంలో వేపచెట్టు పట్టాడు, రేకుల షెడ్డు పట్టాడు, మా రూము పైకప్పు పట్టాడు. ఫోను పట్టుకుని రూములో ఒక చుట్టు తిరిగి బోర్డు ముందు ఆగాడు.

"సార్, మన బోర్డు దక్షిణం గోడకుంది. మ్యాపు అవతలి గోడకు కొడదామా?"

మేకు ఇంకా కొట్టలేదు. అటు పక్క కిటికీ ఉంది.