చలికి మొండికేసిన లారీ: ముందు పొగ చూడండి

నవంబరు చలిలో జోజిలా కనుమ ఎక్కి లద్దాఖ్‌లోని డ్రాస్, కార్గిల్ వైపు వెళ్లే లారీ సాయంత్రం బాగానే ఆగుతుంది, తెల్లారేసరికి స్టార్టు కాదు. రాత్రి మైనస్ 20 దాకా పడిపోయే చోట అది వింతేమీ కాదు. అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. కారణం వెతక్కుండా సెల్ఫ్ కొట్టి కొట్టి, మిగిలిన బ్యాటరీని కూడా దించేస్తారు. ఒకరు పది సెకన్లు సెల్ఫ్ తిప్పుతుంటే మరొకరు సైలెన్సర్ దగ్గర నిలబడి చూస్తే చాలు, సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

ఇంజను తిరగకపోయినా, ఈసురోమని తిరిగినా లోపం బ్యాటరీ వైపే. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు. సెల్ఫ్ కొట్టకముందు మీటరు 25.2 చూపాలి. 24.4 ఉంటే సగం ఖాళీ అయినట్టు. తిరుగుతుండగా 18 కిందికి జారితే ముందు టెర్మినళ్లు గీకి బిగించాలి, అప్పటికీ అంతే అయితే పక్క లారీ సాయం తీసుకోవాలి. కారు బ్యాటరీ 12 వోల్టులే కాబట్టి పనికిరాదు. మైనస్ 18 దగ్గర మంచి బ్యాటరీ కూడా సగం బలమే ఇస్తుంది, పైగా చిక్కబడిన ఇంజనాయిలు ఇంకా ఎక్కువ బలం అడుగుతుంది. 15డబ్ల్యు-40 ఆయిలు మైనస్ 20 వరకే సరిపోతుంది, 5డబ్ల్యు రకం మైనస్ 30 దాకా పనిచేస్తుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో యాసిడ్ పలచబడి మైనస్ 10 దరిదాపుల్లోనే గడ్డకడుతుంది. అలా ఉబ్బిన బ్యాటరీకి కేబుళ్లు తగిలించకండి, పగిలిపోతుంది.

ఇంజను హుషారుగా తిరుగుతున్నా సైలెన్సర్ నుంచి పొగే రాకపోతే డీజిల్ అందడం లేదు. ఈ ఎత్తుల్లో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. డీజిల్లో సహజంగానే మైనం ఉంటుంది. చల్లబడేకొద్దీ అది సన్నటి పలుకులుగా విడిపోతుంది. మన దేశపు డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం, ఫిల్టర్ మూసుకుపోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత చలికాలపు డీజిల్‌కు 6 డిగ్రీల వరకు, వేసవి డీజిల్‌కు 18 డిగ్రీల వరకు ఉండవచ్చు. మైదానంలో నింపుకున్న ట్యాంకుతో కొండెక్కితే ఏమవుతుందో ఈ అంకెలే చెబుతాయి. ట్యాంకులో డీజిల్ ఇంకా పారుతూనే ఉంటుంది, కానీ ఫిల్టర్ విప్పి చూస్తే కాగితపు మడతల మధ్య పేరుకున్న నెయ్యిలా తెల్లటి పూత కనిపిస్తుంది. ఫిల్టర్ అడుగున, డీజిల్లోని నీళ్లు చేరే గిన్నెలో మంచుగడ్డ ఉన్నా ఇదే ఫలితం.

వేడినీళ్లలో తడిపిన గుడ్డలు ఫిల్టర్‌కు, గిన్నెకు, పైపులకు చుట్టి ఓపికగా మారుస్తూ ఉండాలి. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ గిన్నె చిట్లుతుంది. కరిగాక నీళ్లు వదిలేసి కొత్త ఫిల్టర్ వేసి, గాలి బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ వదులుచేసి, బుడగలు ఆగేదాకా డీజిల్‌ను చేత్తో తోడే ప్రైమర్ పంపు కొట్టాలి. డీజిల్‌ను చాలా ఎక్కువ ఒత్తిడితో పంపే కామన్ రైల్ ఇంజన్లలో ఇంజెక్టర్ పైపులు విప్పి గాలి తీయకూడదు. ఆ ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. ట్యాంకు కింద మంట పెట్టడం ప్రాణాలతో చెలగాటం. కిరసనాయిలు కలిపే పాత అలవాటు కూడా బీఎస్-6 కాలుష్య ప్రమాణంతో వచ్చిన బండికి చేటే. దానిలో జిడ్డు తక్కువ కాబట్టి హైప్రెషర్ పంపు అరుగుతుంది. మైనం కట్టకుండా కలిపే మందును డీజిల్ వెచ్చగా ఉన్నప్పుడే పోయాలి, ఒకసారి కట్టిన మైనాన్ని అది కరిగించలేదు. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 దాకా పారే డీజిల్ తెచ్చింది. నిజమైన మందు అదే.

తెల్లపొగ వస్తుంటే డీజిల్ అందుతోంది కానీ అంటుకోవడం లేదు. డీజిల్ ఇంజనుకు నిప్పు పెట్టేది నలిగిన గాలి వేడి ఒక్కటే. 17 రెట్లు నొక్కితే 30 డిగ్రీల గాలి సుమారు 430 డిగ్రీలకు చేరుతుంది. మైనస్ 20 గాలి సుమారు 320కి చేరుతుంది. నీరసంగా తిరిగితే ఆ వేడిని చల్లటి గోడలు లాగేసుకుని 200 కూడా దాటకపోవచ్చు, అక్కడ డీజిల్ అంటుకోదు. లేహ్ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే, అదీ కలిసొస్తుంది. అందుకే ఇంజనులోకి వెళ్లే గాలిని వెచ్చబరిచే హీటర్ దీపం ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి. దీపమే వెలగకపోతే హీటర్ ఫ్యూజు, రిలే చూడాలి. సెల్ఫ్‌ను ఒకసారికి 15 సెకన్లకు మించకుండా తిప్పి, మధ్యలో రెండు నిమిషాలు విరామం ఇవ్వాలి. హీటర్ ఉన్న ఇంజనులోకి ఈథర్ స్ప్రే కొట్టొద్దు, అది గాలి లోపలికి వెళ్లే గొట్టంలోనే (మానిఫోల్డ్) అంటుకుంటుంది.

పొగలో కాలుష్యం తగ్గించడానికి వాడే ద్రవం యాడ్‌బ్లూ మైనస్ 11 దగ్గర గడ్డకట్టినా బండి స్టార్టు కాకపోవడానికి అది కారణం కాదు. ఇంజను వేడెక్కాక అదే కరుగుతుంది.

స్టార్టయిన లారీ పది నిమిషాల్లో దానంతటదే ఆగిపోతే కంగారు పడక్కర్లేదు. ట్యాంకులోని మైనం కొత్త ఫిల్టర్‌ను కూడా మూసేసిందని అర్థం. రిటర్న్ పైపులో తిరిగొచ్చే వెచ్చటి డీజిల్ ట్యాంకును వేడిచెయ్యడానికి చాలాసేపు పడుతుంది. అందుకే కొండెక్కే లారీలో ఫిల్టర్లు కనీసం రెండుండాలి.