పెన్సిల్ ముల్లుకు షేర్లేమిటి తాతా?

చిట్టీ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో మీ మామయ్య వెనకనుంచి ఎవరితోనో "ఈ గ్రాఫైట్ షేరు ఇప్పుడు పది సెంట్లే, ఎప్పటికైనా డాలరవుతుంది" అంటుంటే చిట్టి వింది. "తాతా, గ్రాఫైట్ అంటే పెన్సిల్ ముల్లే కదా, దానికి షేర్లేమిటి? నా హుండీలో 640 రూపాయలున్నాయి, ఇవ్వనా?" అని అడిగింది. అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను గానీ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకంటే 2012లో నేనూ ఆ పని చేసినవాణ్ణే. ఆపేవాళ్ళు లేక కాదు, మీ అమ్మమ్మ ఆపింది, నేనే వినలేదు.

ముందు పెన్సిల్ సంగతి. ముల్లు అంటే గ్రాఫైట్ పొడిలో బంకమన్ను కలిపి కాల్చింది. అదే గ్రాఫైట్‌ను బాగా శుద్ధి చేసి ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల్లో వేస్తారు, ఒక్కో కారుకి కొన్ని పదుల కిలోలు. లిథియం బ్యాటరీ అని పేరే గానీ అందులో లిథియం కంటే గ్రాఫైటే ఎక్కువ (పేరొకరిది, చాకిరీ ఇంకొకరిది, మన ఇళ్ళల్లో లాగే). అందుకని కార్ల గురించి ఏదైనా పెద్ద వార్త రాగానే ఇక్కడ టొరంటోలో, వాంకూవర్‌లో, అటు ఆస్ట్రేలియాలో పెర్త్‌లో "మా దగ్గర గ్రాఫైట్ ఉంది" అంటూ చిన్న చిన్న కంపెనీలు పుట్టుకొస్తాయి. వాటిలో చాలావాటికి గని ఉండదు. ఎక్కడో అడవిలో కొంత నేల మీద హక్కు, కొన్ని డ్రిల్లింగ్ రంధ్రాలు, ఒక చిన్న ఆఫీసు, అంతే.

ఇది అర్థం కావాలంటే మా పొత్తు బావి గురించి చెప్పాలి.

1968లో నాకు పదేళ్ళు. కదిరి దగ్గర మా ఊళ్ళో మా నాయన, పెదనాయన కలిసి బావి తవ్వాలనుకున్నారు, చెరి సగం. పంగలకర్ర పట్టుకుని ఒకాయన వచ్చి చేనంతా తిరిగాడు, ఒకచోట కర్ర కిందికి వంగింది. "ఏడు మట్లకి నీళ్ళు" అన్నాడు (మట్టు అంటే మా వైపు బావి లోతు కొలత), ఐదు రూపాయలూ ఒక కోడీ పట్టుకుని పోయాడు. ఏడు మట్లకి తగిలింది నీళ్ళు కాదు, బండ. అప్పటికే చేతిలో డబ్బు అయిపోయింది. తూటాలు పెట్టి బండ పేల్చాలి కాబట్టి పక్క చేను ఆయన్ని పొత్తులోకి తీసుకున్నారు. సగం ఉన్న మా వాటా మూడో వంతయింది. ఇంకో రెండు మట్లు దిగాక తడి మన్ను వచ్చింది. నాయన ఆ మన్ను గుప్పెట్లో పట్టుకుని మైలు దూరం నడిచి ఇంటికి తెచ్చి జేజి (మా నాయనమ్మ) చేతిలో పెట్టాడు. జేజి దాన్ని వాసన చూసి, వేళ్ళ మధ్య పిండి చూసి, "ఇది నీళ్ళు కాదు నాయనా, చెమట" అంది.

కానీ ఆ కబురు ఊరంతా పాకింది. ఆ వారంలోనే వాటా కొంటామని ముగ్గురు మా గడప తొక్కారు, పెట్టిన దానికి రెండింతలు ఇస్తామన్నారు. నాయన అమ్మలేదు. మళ్ళీ బండ, మళ్ళీ డబ్బు లేకపోవడం, మళ్ళీ కొత్త పొత్తుదార్లు. పద్నాలుగు మట్లకి నిజంగానే నీళ్ళు పడ్డాయి, నేను అరిచిన అరుపుకి ఎద్దులు బెదిరాయి. తీరా చూస్తే అప్పటికి ఎనిమిది వంతులు. మా చేనికి ఎనిమిది రోజులకొకసారి నీళ్ళు. వరిమడి ఎండిపోయింది, వేరుశనగ మాత్రం ఎలాగో బతికింది.

చిన్న గని కంపెనీ కథ ఇదే, షేరంటే అందులో వాటా. అమ్ముకోడానికి సరుకు లేదు కాబట్టి తవ్వడానికి డబ్బు కావాలంటే కొత్త షేర్లు అచ్చేసి అమ్ముతుంది, ప్రతిసారీ మన వంతు సన్నబడుతుంది. తడి మన్ను వచ్చిన రోజు షేరు ఎగురుతుంది. 2012లో నేను కొన్నది సరిగ్గా అలాంటి రోజే, 40 సెంట్ల చొప్పున. తర్వాత అది 3 సెంట్లకు వచ్చింది, పది పాత షేర్లు కలిపి ఒక కొత్త షేరు చేశారు, ఆ తర్వాత కంపెనీ పేరు మార్చుకుని మందులకు వాడే గంజాయి వ్యాపారంలోకి దిగింది. మీ అమ్మమ్మ మూడు రోజులు నవ్వింది.

పంగలకర్ర ఆయనలో మోసం లేదు, కర్రను నిజంగా నమ్మాడు. మోసగాళ్ళూ ఉంటారు. బ్రీ-ఎక్స్ అనే కెనడా కంపెనీ ఇండోనేషియాలో బంగారం పడిందని చెప్పింది, 1997లో చూస్తే నమూనా రాళ్ళపొడిలో ఎవరో బంగారం కలిపారని తేలింది. దాని తర్వాత 2001లో ఇక్కడ రూలు తెచ్చారు, రిపోర్టుకు అర్హత ఉన్న జియాలజిస్టు బాధ్యత తీసుకోవాలని. అంటే కర్ర పట్టుకున్నవాడు సంతకం కూడా పెట్టాలి.

ఇక్కడితో నా బావి పోలిక పనికిరాదు. నీళ్ళు నీళ్ళే, ఏ చేనైనా తాగుతుంది. గ్రాఫైట్ అలా కాదు. రేకు ఎంత పెద్దది, ఎంత శుభ్రమైనది అని బ్యాటరీ కంపెనీ నెలల తరబడి పరీక్షించాకే కొంటుంది. బంగారంలా రోజూ పేపర్లో చూసే సంత ధర లేదు, కొనేవాడూ అమ్మేవాడూ కూర్చుని తేల్చుకోవాలి. పైగా దాన్ని బ్యాటరీకి తగ్గట్టు శుద్ధి చేసే పని దాదాపు అంతా చైనాలోనే జరుగుతుంది. సైరా అనే ఆస్ట్రేలియా కంపెనీని చూడండి, మొజాంబిక్‌లో బలామా దగ్గర నిజంగానే పెద్ద గని కట్టింది. తవ్వకం మొదలవకముందు, 2016లో, షేరు 6 ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. 2017 చివర్లో తవ్వకం మొదలైంది, సరుకొచ్చింది, ధర పడింది, 2020కి షేరు అర డాలరు కూడా లేదు. నీళ్ళు పడని బావికి పలికిన రేటు పడిన బావికి పలకలేదు! దీనికి పూర్తి కారణం చెప్పమంటే నా వల్ల కాదు, మామయ్యను అడగండి, ఆయన ఇంకా నమ్ముతున్నాడు. 2023 చివర్లో చైనా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టిన రోజు ఆయన ముఖం మా నాయన ముఖంలాగే ఉంది, గుప్పెట్లో మన్నొక్కటే తక్కువ.

చిట్టీ, ఆ 640లో కొంచెం తీసి ఒక హెచ్‌బి పెన్సిలు, ఒక 6బి పెన్సిలు కొను. రెండూ రెండు వైపులా చెక్కు. రెండు టార్చి సెల్లులు, ఒక చిన్న ఎర్ర ఎల్‌ఈడీ, వైరు ముక్కలు తీసుకుని మధ్యలో పెన్సిల్ పెట్టి కలిపి చూడు (వెలగకపోతే ఎల్‌ఈడీ కాళ్ళు తిప్పి పెట్టు). బుజ్జీ, నువ్వు ఆదివారం నాన్నతో కైలాసగిరి వెళ్ళు. అక్కడి ఎర్రటి రాయి ఖోండలైటు, మన కొండు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు. తెగిన రాయి దొరికితే ఎండలో తిప్పి చూడు, ఎర్ర గింజలు కనిపిస్తే గార్నెట్. నల్లగా మెరిసే సన్నటి రేకులు కనిపిస్తే వేలితో రుద్ది కాగితం మీద గీయి.

గీత పడిందా లేదా, ఏ పెన్సిల్‌కి ఎక్కువ వెలిగిందో ఫోన్ చేసి చెప్పండి. మామయ్య నా పక్కనున్నప్పుడే ఆ ఫోన్ చెయ్యండి.

మీ తాత
టొరంటో