ఇన్‌స్టాల్ చేస్తే సర్వీసు దానంతటదే ఎందుకు లేస్తుంది? లినక్స్ అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇన్‌స్టాల్ అంటే ఫైళ్లు డిస్కు మీదికి రావడమే. సర్వీసు (తెర వెనక నడిచే ప్రోగ్రామ్) మనం లేపితేనే లేస్తుంది.

వాస్తవం: రెడ్ హ్యాట్, ఫెడోరా అనే లినక్స్ రకాల్లో చాలావరకు అంతే. దేన్ని ఎనేబుల్ చేయాలో (అంటే బూట్‌లో దానంతటదే లేచేలా పెట్టాలో) అక్కడ ప్రీసెట్ ఫైళ్లు చెబుతాయి, వాటిలో పేరు లేనిది ఊరికే ఉంటుంది. డెబియన్, ఉబుంటులలో మాత్రం ఇన్‌స్టాల్ చివర్లో నడిచే పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టు సర్వీసును ఎనేబుల్ చేసి, అక్కడికక్కడే స్టార్ట్ కూడా చేసేస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ వేసిన మరుక్షణం 80 పోర్టు తెరుచుకునేది అందుకే.

అపోహ: లేస్తే లేవనీ, తర్వాత ఆపి కాన్ఫిగ్ మార్చుకోవచ్చు.

వాస్తవం: ఆ కాస్త సమయంలోనే కొంప మునుగుతుంది. ఒకసారి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కోసం తెప్పించిన పెద్ద డిస్కును మౌంట్ చేయకముందే (దాని డైరెక్టరీకి తగిలించకముందే) ప్యాకేజీ వేశాం. డేటాబేస్ రూట్ డిస్కు (సిస్టమ్ ఉన్న అసలు డిస్కు) మీదే లేచింది. యాప్ కనెక్టయి రెండు గంటలు రాస్తూ పోయింది. తర్వాత అదే డైరెక్టరీ మీద కొత్త డిస్కు మౌంట్ చేసి రీస్టార్ట్ చేస్తే, లోపల ఏమీ లేదు! కాళ్లూ చేతులూ ఆడలేదు. అన్‌మౌంట్ చేసి చూస్తే, డేటా మొత్తం కింద రూట్ డిస్కు మీదే భద్రంగా ఉంది. అప్పుడు గానీ ప్రాణం కుదుటపడలేదు.

అపోహ: డిసేబుల్ చేస్తే ఇక నడవదు.

వాస్తవం: డిసేబుల్ చేస్తే బూట్‌లో లేవదు, అంతే. ఇప్పుడు నడుస్తున్నది నడుస్తూనే ఉంటుంది. దాని సాకెట్‌కు (దాని తరఫున కనెక్షన్ల కోసం ఎదురుచూసే చోటుకు) కనెక్షన్ వచ్చినా, మరో సర్వీసు దాన్ని అడిగినా మళ్లీ లేస్తుంది. అసలు లేవకూడదంటే మాస్క్ చేయాలి, అంటే ఎవరూ లేపలేకుండా మూసేయాలి. ప్యాకేజీ వేయకముందే మాస్క్ చేసి పెట్టుకోవచ్చు కూడా. ఈ సంగతి చాలామందికి తెలియదు.

అపోహ: డెబియన్‌లో ఈ ఆటో స్టార్ట్‌ను ఒక్కసారిగా ఆపే దారి లేదు.

వాస్తవం: ఉంది. పాలసీ-ఆర్‌సీ.డీ అనే పేరుతో 101 కోడ్‌తో ముగిసే రెండు లైన్ల స్క్రిప్టు పెడితే, ప్యాకేజీలు దాన్ని అడిగి, సర్వీసును లేపకుండా వదిలేస్తాయి. కంటైనర్లు నడిపే డాకర్‌లోని డెబియన్ ఇమేజీల్లో ఇది ముందే ఉంటుంది. మామూలు సర్వర్లో మాత్రం పని కాగానే తీసేయండి. మర్చిపోతే సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చినా సర్వీసు రీస్టార్ట్ కాదు, పాత కోడే మెమరీలో నడుస్తుంటుంది.

మా పోస్ట్‌గ్రెస్ కథలో ఈ స్క్రిప్టు ఉన్నా సగమే పనిచేసేది. స్టార్ట్ ఆగుతుంది గానీ, రూట్ డిస్కు మీద క్లస్టర్ (డేటాబేస్ డేటా ఉండే డైరెక్టరీ) తయారవడం ఆగదు. అందుకే ఇప్పుడు ముందు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-కామన్ అనే ప్యాకేజీ ఒక్కటే వేసి, క్రియేట్‌క్లస్టర్ కాన్ఫిగ్‌లో మెయిన్ క్లస్టర్ సెట్టింగును ఫాల్స్ చేస్తాం. డిస్కు మౌంట్ అయిందని కళ్లారా చూశాకే అసలు ప్యాకేజీ వేస్తాం.